అలుగు జాడ

మా ఊరు జల్‌పల్లి. ఇది రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాదు నగరమునకు దక్షిణపు అంచున నున్నది. ఊరికొక పెద్ద చెరువు కలదు. చుట్టుప్రక్కల ఎవరో ఒకదానిమీద నొకటి ఎత్తిపెట్టినట్లుండు పెద్ద పెద్ద బండలు, వాని నడుమ పొదలు, సన్నని కాలిబాటలు. ప్రధానోపాధ్యాయ పదవినుండి విరమించిన తరువాత, ఆదివారపు ఉదయములందు ఊరి పిల్లలను కొందరిని వెంటబెట్టుకొని ఆ గుట్టలవైపు నడచిపోవుట నాకు అలవాటైనది. ఈ నడకలలో పాఠము లేదు, పరీక్ష లేదు. కన్నులు తెరచి నడచుట, కనబడినదానిని గూర్చి మాటలాడుకొనుట, ఎండ ముదరకముందే ఇల్లు చేరుట. ఇంతియే మా కార్యక్రమము.

ఒక ఆదివారమునాడు ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు తన తండ్రి ఫోనులో ఒక బొమ్మ తెచ్చి నాకు చూపినాడు. వాని పెద్దన్న అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. సెలవుదినమున మిత్రులతో అడవిబాటను నడచుచుండగా, ఎండుటాకులలో ముట్టెతో తవ్వుకొనుచు ఒక వింతజంతువు వారి కెదురుపడినదట. వీపున పట్టీలు పట్టీలుగా గట్టి పెంకు, గాడిదచెవులవంటి చెవులు, పందిముట్టెవంటి ముట్టె, ఎలుకతోకవంటి తోక. దానిపేరు ఆర్మడిల్లో. “సార్, ఇట్లాంటిది మన గుట్టలమీద గూడ ఉంటదా? మనకెప్పుడు కనబడతది?” అని బాలుడు ఆత్రముతో అడిగెను.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోవుచు నేను నా చిన్ననాటి తప్పు నొకదానిని తలచుకొనవలసి వచ్చినది. ఆ తప్పువలన నాకు కలిగిన అభిప్రాయమును మీముందుంచుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. అరుదైన అడవిజంతువును కన్నులార చూచుట భాగ్యమే. కాని అది ఉన్న చోటును పదిమందికి చాటకుండుట, చూచిన భాగ్యమునకు మనము చెల్లింపవలసిన ఋణము. ఇది నా అభిప్రాయము. ఇది సరియో కాదో మీరే విచారింపుడు.

మొదట ఆర్మడిల్లో మాట. ఇది అమెరికా ఖండములకే చెందిన జంతువు. ఆసియాలో గాని ఆఫ్రికాలో గాని అడవులలో ఎక్కడను లేదు. ఆర్మడిల్లో అనగా స్పానిషు భాషలో ‘చిన్న కవచధారి’ అని అర్థము. దీనిలో సుమారు ఇరువది జాతులు కలవు. టెక్సాసులో కనబడునది తొమ్మిది పట్టీల జాతి. ఆ రాష్ట్రమువారు 1995లో దీనిని తమ రాష్ట్రపు చిన్న క్షీరద చిహ్నముగా ప్రకటించుకొనిరి. ఈ జాతిలో తల్లి సాధారణముగా ఒకే కాన్పున నాలుగు పిల్లలను కనును. ఆ నాలుగును ఒకే అండమునుండి పుట్టుటచే అన్నియు ఆడవియో, లేక అన్నియు మగవియో అయి, అచ్చుగ్రుద్దినట్లు ఒక్క తీరున నుండును. బెదరినప్పుడు ఇది నిట్టనిలువుగా పైకెగురును. రోడ్డుపై వాహనము మీదికి వచ్చినప్పుడు ఆ అలవాటే దానికి చేటు తెచ్చును. ప్రక్కకు తొలగుటకు మారుగా ఎగిరి బండి క్రిందిభాగమునకు కొట్టుకొని చచ్చును. కొన్ని ఆర్మడిల్లోలలో కుష్ఠువ్యాధి క్రిములు కూడ ఉండును. కావున చూడవచ్చును గాని ముట్టరాదని అక్కడివారు హెచ్చరింతురు.

“మనకు ఆర్మడిల్లో లేదు. కాని కవచము ధరించిన జంతువు మన దేశములోను ఒకటున్నది. దాని పేరు అలుగు” అని నేను చెప్పగానే పిల్లలందరు గొల్లున నవ్విరి. నవ్వుటకు కారణమున్నది. అలుగు అను మాట వారికి క్రొత్తది కాదు. చెరువు నిండి నీరు పొర్లిపారు చోటును అలుగు అందుము. 2022వ సంవత్సరపు వానలకు ఇబ్రహీంపట్నము పెద్దచెరువు ఎన్నో యేండ్ల తరువాత అలుగు పారినదని విని జనులు తండోపతండములుగా పోయి చూచిరి. బాణపు మొనకును అలుగు అని పేరు. కోపము తెచ్చుకొని మాటలాడక కూర్చుండుటయు అలుగుటయే. ఈ మూడింటితోపాటు నాలుగవ అర్థమున అలుగు అనగా ఒడలంతయు పొలుసులు గల ఒక అడవిజంతువు. ఇంగ్లీషున దీనిని పాంగోలిన్ అందురు. అది మలయా భాషనుండి వచ్చిన మాట. ‘చుట్టుకొనునది’ అని దాని భావము. నిజముగనే ఇది ముట్టినంతనే ముడుచుకొని, అలిగిన పసివానివలె మొగము కడుపులో దాచుకొనును.

చూపునకు దగ్గరగా నున్నను అలుగునకు, ఆర్మడిల్లోకు చుట్టరికము లేదు. ఆర్మడిల్లోకు దగ్గరి బంధువులు దక్షిణ అమెరికాలోని మందగామి స్లాతులును, అక్కడి చీమతిండి జంతువులును. అలుగునకు దగ్గరి బంధువులన్ననో, వినువారు నమ్మరు గాని, పులి, కుక్క, ఎలుగుబంటి మున్నగు మాంసాహారుల వంశమువారు. ఆర్మడిల్లో కవచము చర్మములో పుట్టిన ఎముక పలకలతో నేర్పడినది. అలుగు పొలుసులలో ఎముక లేదు. అవి మన గోళ్ళలో నుండు పదార్థముతోనే ఏర్పడినవి. ఒకే విధమైన ఆపద ఎదురైనప్పుడు, సముద్రమునకు ఈవలను ఆవలను ప్రకృతి ఒకే విధమైన ఉపాయము పన్నినదన్నమాట.

ప్రపంచమునందు అలుగులు ఎనిమిది జాతులు. ఆసియాలో నాలుగు, ఆఫ్రికాలో నాలుగు. మన తెలుగునాట ఉన్నది భారతీయ అలుగు. పెరిగిన జంతువు ముట్టె మొదలు తోక చివరివరకు సుమారు మూడడుగుల పైచిలుకు ఉండును. దీనికి ఒక్క పన్నైనను లేదు. అడుగునకు కొంచెము తక్కువ పొడవుగల జిగురు నాలుకను పుట్టలోనికి చాచి చీమలను, చెదలను లాగికొని మ్రింగును. తిండితోపాటు కడుపులోనికి పోయిన చిన్న చిన్న రాళ్ళే తిరుగలివలె దానిని నూరును. ముందుకాళ్ళ గోళ్ళు కొడవళ్ళవలె వంగి యుండును. వానితో రాయివలె గట్టిపడిన పుట్టను సైతము చీల్చును. పగలంతయు తాను తవ్విన బిలములో నిద్రించి, చీకటి పడిన పిదప మేతకు బయలుదేరును. చూపు మందము, వాసన పసిగట్టు శక్తి మెండు. తల్లి సాధారణముగా ఒక కాన్పునకు ఒక్క పిల్లనే కనును. ఆ పిల్ల తల్లి తోకమొదట ఎక్కి కూర్చుండి రాత్రివేళ అడవి తిరుగును.

చెదల బాధ రైతునకు తెలిసినట్లు మరెవరికి తెలియదు. ఇంటి దూలమునుండి పొలములోని చెరకు మొక్కవరకు అది తినని వస్తువు లేదు. ఒక్క అలుగు ఏడాదికి లక్షలకొలది చీమలను, చెదలను తినును. దానికొరకు తవ్విన గుంతలవలన మన్ను గుల్లబారి వాననీరు లోని కింకును. అది విడిచిపోయిన బిలములలో ఇతర ప్రాణులు కాపురముండును. కూలి యడుగక, కనబడక, రాత్రివేళ వచ్చి పనిచేసి పోవు సేవకుని అది పోలియున్నది.

ఈ జంతువును చూడవలెనన్న జల్‌పల్లినుండి ఎక్కడికి పోవలెను? దారి మన ఊరి చెంతనే యున్నది. పహాడీ షరీఫు మీదుగా పోవు శ్రీశైలము రోడ్డును పట్టుకొని దక్షిణముగా పోయినచో, పొలములు, పల్లెలు దాటి, మన్ననూరు దగ్గర నల్లమల అడవి మొదలగును. అదియే ఆమ్రాబాదు పులుల అభయారణ్యము. పులులు, చిరుతలు, ఎలుగులు, దుప్పులు మాత్రమే గాక అలుగు కూడ ఆ అడవిలో నివసించుచున్నది. ఆ నల్లమల అంచుననే నేను నా జీవితములో మొదటిసారి అలుగును చూచితిని. చివరిసారియు అదియే.

అది 1971వ సంవత్సరపు వేసవి. నాకప్పుడు పదునొకండేండ్లు. అచ్చంపేట ప్రాంతమున అడవి అంచునగల ఒక చిన్న పల్లె మా అమ్మమ్మగారి ఊరు. మా మేనమామ ఆ ఊరి మామిడితోటకు కావలియుండెను. రాత్రులందు నేనును ఆయనతో పోయి మంచెమీద పండుకొనుచుంటిని. ఒకనాటి వెన్నెల రాత్రి మామ నన్ను తట్టిలేపి, నోటిమీద వ్రేలుంచి, చేయిపట్టుకొని తోట గట్టువరకు నడిపించెను. గట్టునకు ఆవల ఒక పుట్టయొద్ద ఏదో కదలుచుండెను. ముందుకాళ్ళను నేలకు సరిగా ఆనింపక, గోళ్ళను లోపలికి మడచుకొని, మెల్లమెల్లగా వంగి నడచుచున్న ఒక ముసలివానివలె అది నాకు తోచెను. వెన్నెలలో దాని పొలుసులు మోదుగాకులతో కుట్టిన విస్తరి అంచులవలె వరుసలు వరుసలుగా కనబడెను. తోకమీద ఒక చిన్న ముద్ద. అది పిల్ల.

మేము ఎంతసేపు నిలిచితిమో నాకు గుర్తులేదు. పుట్టను గీరుచున్న గరగర చప్పుడు మాత్రము ఇప్పటికిని నా చెవులలో నున్నది. అది మెల్లగా పోయి బండక్రింది బిలములో దూరినది. తిరిగి వచ్చునప్పుడు మామ చెప్పిన మాట ఒక్కటే: “అల్లుడా, ఇది మన తోటకు కావలి. నా కావలి మనుషుల నుంచి, దాని కావలి చెదల నుంచి. ఎవరికీ చెప్పకు.” నేను తలయూచితిని. మాట యిచ్చితిని.

మరునాడు మధ్యాహ్నము బావిలో ఈతకొట్టుచుండగా తోడి పిల్లలలో ఒకడు తాను చిరుతను చూచితినని గొప్పలు చెప్పెను. మరియొకడు కొండచిలువను గూర్చి చెప్పెను. పట్టణమునుండి వచ్చిన నన్ను చూచి, “నీకేమి తెలుసు?” అని ఎగతాళి చేసిరి. రోషము వచ్చినది. నేను అలుగును చూచితినని చెప్పితిని. వారు నమ్మలేదు. నమ్మించుటకై ఏ తోట, ఏ గట్టు, ఏ బండ అనునది గుర్తులతో సహా చెప్పితిని. నాలుగు మాటలు. అంతకంటె ఎక్కువ లేవు.

రెండు రోజుల తరువాత మామ సంతకు పోయిన సమయమున కొందరు మనుష్యులు గడ్డపారలతో వచ్చి, బిలములో పొగపెట్టి, బండచుట్టు తవ్విరి. సాయంకాలము మామ తిరిగి వచ్చి నన్ను తోటకు తీసికొనిపోయెను. బండక్రింద మనిషి దిగునంత గొయ్యి. దాని అంచున బూడిద. మన్నులో ఒక పొలుసు పడియుండెను. నా బొటనవ్రేలి గోరుకంటె కొంచెము పెద్దది. అంతటి చిన్న పొలుసు తల్లిది కాదని నాకు అప్పుడే తెలిసినది. మామ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. “ఎవరికి చెప్పినవ్?” అని కూడ అడుగలేదు. ఆ పొలుసును గోతిలో వేసి, పార తీసికొని మన్ను పూడ్చుట మొదలుపెట్టెను. నేనును చేతులతో మన్ను త్రోసితిని. ఆ వేసవిలో మరల ఆయన నన్ను రాత్రివేళ నిద్రలేపలేదు.

ఇది జరిగి ఏబదియేండ్లు దాటినది. ఇన్ని యేండ్లుగా నేను బడిలో ఎన్నో నీతిపాఠములు చెప్పితిని. సత్యము పలుకవలెనని ఎన్నడు చెప్పబోయినను నాకు ఆ గొయ్యి కన్నులయెదుట మెదలెడిది. నేను పలికినది అబద్ధము కాదు, అక్షరాల సత్యమే. కాని నేను దానిని చెప్పినది ఎవరి మేలుకొరకును గాదు, నా గొప్పకొరకు. సత్యమునకును, చాటింపునకును గల భేదము నాకు ఆనాడు తెలిసినది.

అలుగు కవచమునందొక విచిత్రమున్నది. ఆపద వచ్చినప్పుడు అది పరుగెత్తదు, కరవదు; బంతివలె చుట్టుకొని ఊరకుండును. తల్లియైనచో పిల్లను కడుపులో పొదువుకొని చుట్టుకొనును. పులి పంజాతో త్రోసినను, సింహము కోరలతో కొరికినను ఆ బంతి విప్పుకొనుట అరుదు. లక్షల యేండ్లుగా దానిని కాపాడిన ఈ ఉపాయమే మనుష్యునియెదుట దానికి ఉరిత్రాడైనది. పులి విప్పలేని బంతిని మనిషి విప్ప నక్కరలేదు. వంగి ఎత్తుకొని సంచిలో వేసికొనిన చాలును. కావున అలుగునకు మనుష్యునినుండి కాపుదల ఒక్కటే: అది ఎక్కడ నున్నదో అతనికి తెలియకుండుట.

ఈ మాట అతిశయోక్తి యని మీరు తలపరాదు. భారతదేశములో 2018 మొదలు 2022 వరకు గల ఐదేండ్లలో పట్టుబడిన దొంగసరకును లెక్కకట్టి, వన్యప్రాణి వర్తకమును పరిశీలించు ట్రాఫిక్ అను సంస్థ ఒక నివేదిక ప్రకటించినది. 342 సందర్భములలో కనీసము 1,203 అలుగులు ఈ వర్తకమున చిక్కినవని అందులో తేలినది. ఇవి పట్టుబడినవి మాత్రమే. ఇతర దేశములలోని పరిస్థితి ఇంతకంటె ఘోరము. 2019 ఏప్రిలులో సింగపూరు నౌకాశ్రయమున కొద్దిదినముల వ్యవధిలో పట్టుకొన్న రెండు ఓడపెట్టెలలోనే 25 టన్నులకు పైగా ఆఫ్రికా అలుగుల పొలుసులు బయటపడినవి. ఒక్కొక్క పొలుసు ఎంత తేలికయో చూచినవారికి, 25 టన్నులనగా ఎన్ని వేల ప్రాణములో ఊహకందును.

ఎందుకీ సంహారము? కొందరు మాంసముకొరకు, కొందరు మందుకొరకు. పొలుసుతో ఉంగరము చేయించుకొన్నచో రోగము పోవునని, తాయెత్తు కట్టుకొన్నచో దయ్యము పోవునని మనవారిలోను కొందరు నమ్మెడివారు. పొలుసు పొడి సర్వరోగ నివారిణియని విదేశములలో విక్రయించువారు కలరు. పొలుసులోనున్న పదార్థము మన గోరులో నున్నదే యని పైన చెప్పితిని. దానికి ఔషధగుణమున్నచో మనము వారమున కొకసారి కత్తిరించి పారవేయు గోళ్ళకును ఉండవలెను గదా! చైనా ప్రభుత్వముకూడ 2020లో తన అధికారిక ఔషధ గ్రంథపు మూలద్రవ్యముల పట్టికనుండి ఈ పొలుసులను తొలగించినది.

చట్టము మన పక్షముననే యున్నది. నా తప్పు జరిగిన మరుసటి యేడే, 1972లో, వన్యప్రాణి సంరక్షణ చట్టము పుట్టినది. అలుగు దాని మొదటి షెడ్యూలులో, పులితో సమానముగా, చేర్చబడినది. దానిని వేటాడినవారికి మూడేండ్లకు తక్కువ గాకుండ ఏడేండ్లవరకు కారాగారము, ఇరువదియైదు వేల రూపాయలకు తగ్గని జరిమానా. 2016లో జొహానెస్‌బర్గు నగరమున జరిగిన అంతర్జాతీయ సమావేశమున ఎనిమిది జాతుల అలుగుల అంతర్జాతీయ వాణిజ్య వర్తకము నిషేధింపబడినది. పట్టుబడిన ముక్క ఏ జంతువుదో దాని జన్యువులనుబట్టి తేల్చగల లాకోన్స్ ప్రయోగశాల మన హైదరాబాదు అత్తాపురములోనే యున్నది. కాని చట్టము గొయ్యి తవ్విన తరువాత వచ్చును. గొయ్యి తవ్వకముందే ఆపగలది చూచినవాని నోరు.

గడ్డపార పట్టిన పేదవానిని మాత్రమే దూషించుట న్యాయము కాదని కూడ చెప్పవలెను. నాడు తవ్వినవారికి దక్కినది ఒకటి రెండు పూటల తిండి. లాభము దక్కినది దూరమున కూర్చుండి కొన్నవానికి. కొనువాడు, అమ్మువాడు, తవ్వువాడు అని మనము గొలుసును లెక్కించుచుందుము. ఆ గొలుసులో మొదటి కడియమును మరచిపోవుదుము. అది ‘చెప్పువాడు’. వానికి దురాశ లేదు, దుర్బుద్ధి లేదు. వాడు పదునొకండేండ్ల బాలుడైనను కావచ్చును.

నా కాలమున చెప్పువాని మాట బావిగట్టు దాటుటకు రెండు దినములు పట్టెను. నేడు అంత ఆలస్యము లేదు. ఫోనుతో తీసిన బొమ్మలో, అది తీసిన చోటు యొక్క గుర్తులు కూడ తరచుగా దాగియుండును. ఇంటికి రాకముందే ఆ బొమ్మ వందమందికి చేరును. ఆ వందలో ఒక్కడు దొంగయైన చాలును. బొమ్మ చూచి “అబ్బ!” అనువారు తొంబదితొమ్మిది మంది, “ఎక్కడ?” అని అడుగువాడొకడు. ఆ ఒక్కని ప్రశ్నకు తెలియకయే జవాబు చెప్పుచున్నాము.

దీనికి ఆక్షేపణ చెప్పువారు కలరు. “ఎవరికిని చెప్పకున్నచో జనులకు ఆ జంతువుపై ప్రీతి ఎట్లు కలుగును? తెలియనిదానిని ఎవరు కాపాడుదురు?” అని వారందురు. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. ప్రతి సంవత్సరము ఫిబ్రవరి మూడవ శనివారమున ప్రపంచ అలుగు దినము జరుపుచున్నారు. అది జరుపవలసినదే. అలుగు ఎట్లుండును, ఏమి తినును, మనకేమి మేలు చేయును అనునది ఊరూర, బడిబడిన చెప్పవలసినదే. నేనును ఇప్పుడు ఆ పనియే చేయుచున్నాను. జంతువును గూర్చి చెప్పుడు, జాడను చెప్పకుడు. ఈ రెండింటికి నడుమ గీత గీయుట కష్టమేమియు కాదు. నిధి యొకటి కలదని అందరికి చెప్పవచ్చును. తాళపుచెవి ఎక్కడ నున్నదో చెప్పవలసిన పని లేదు.

“శాస్త్రజ్ఞులకైన తెలియవలదా?” అని మరికొంద రందురు. తెలియవలెను. కాని శాస్త్రజ్ఞులే ఈ నియమమును మనకంటె ముందు పాటించుచున్నారు. ప్రకృతి పరిశీలకులు తాము చూచినవానిని నమోదు చేయు ప్రపంచ పట్టికలలో, ఆపదలోనున్న జాతులు కనబడిన చోటును సరిగా చూపక, కప్పిపుచ్చి చూపు ఏర్పాటున్నది. కావున మీరు చూచినది అటవీశాఖ అధికారికి చెప్పుడు. నమ్మదగిన పెద్దలకు చెప్పుడు. దారితప్పి ఊరిలోనికి వచ్చిన అలుగును, బావిలో పడిన అలుగును చూచినప్పుడు ఊరకుండరాదు. గుంపు చేరనీయక, తాకనీయక, అటవీశాఖవారిని పిలిపింపవలెను. ఇంటికి తెచ్చి పెంచుదమను జాలి కూడ దానికి చావే. చీమలు, చెదలు తప్ప తినని జంతువును సాకుట మహాకష్టము. ఒడిశాలోని నందనకానన జంతుశాలవంటి ప్రత్యేక కేంద్రములలో నిపుణులే ఎన్నో పాట్లుపడి దానిని పెంచుచున్నారు.

ఇక కనబడకపోయిన సంగతి. అడవికి పోయినవారిలో నూటికి తొంబదితొమ్మిది మందికి అలుగు కనబడదు. దానికి విచారింప నక్కరలేదు. జంతువు కనబడకున్నను జాడ కనబడును. గోళ్ళతో చీల్చిన పుట్ట, బిలము ముందర విసనకఱ్ఱవలె పరచుకొన్న క్రొత్తమన్ను, దుమ్ములో తోక ఈడ్చిన గీత. ఇవి అడవి వ్రాసిన అక్షరములు. వానిని చదువ నేర్చినవాడు పదిమంది చూడలేని దానిని చూచినవాడే. ఒకవేళ జంతువే ఎదురుపడినచో నిలువుడు, దీపము ఆర్పుడు, దాని దారి దానికి విడువుడు. అది తన దారిని పోవువరకు ఊరకుండి, అటుపిమ్మట మీ దారిని మీరు పొండు.

ఆ ఆదివారమునాడు ఈ కథయంతయు చెప్పి ముగించునప్పటికి ఎండ ఎక్కినది. టెక్సాసు బొమ్మ తెచ్చిన బాలుడు చాలసేపు మాటలాడలేదు. దిగివచ్చునప్పుడు ఒక రాతిసందున వానికొక ఏదుముల్లు దొరకినది. నలుపు తెలుపు పట్టీలతో చక్కగా నున్నది. ఎగిరి గంతులు వేయునని తలచితిని. వాడు దానిని అటునిటు త్రిప్పి చూచి, తిరిగి అక్కడనే ఉంచి, మాతో నడచివచ్చినాడు.

రెండు నెలల తరువాత ఒకనాటి సాయంకాలము వాడు మా యింటికి వచ్చి, “సార్, మనం నడిచే బాట పక్కన ఒక పొదలో కౌజుపిట్ట గుడ్లు పెట్టింది. ఆరు గుడ్లు. అన్నీ పిల్లలయి తల్లి వెంట వెళ్ళిపోయినయి” అని చెప్పెను. “ఎప్పుడు చూచితివి?” అని అడిగితిని. నెలరోజులైనదట. ఆ నెలలో మేము నాలుగు ఆదివారములు ఆ పొద ప్రక్కనుండియే నడచిపోయితిమి. నలుగురు మిత్రులు వాని వెంటనే యుండిరి. వాడు ఒక్కసారియైనను అటువైపు తిరిగి చూడలేదు.

“నాతోనైన ఎందుకు చెప్పలేదురా?” అని నేను నవ్వుచు అడిగితిని. వాడు సిగ్గుపడుచు, “మీరు చెప్పొద్దన్నరు గద సార్” అనెను. ముప్పదియేండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పితిని. ఒక పాఠము ఇంత చక్కగా అప్పగింపబడుట నేను అరుదుగా చూచితిని.